కాల్ ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లు: కాజీపేట నుంచి ఒక కేసు

"పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా రోజూ లొల్లి." కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు, సమస్య ఏమిటో రాయమని ఇచ్చిన ఫారంలో తల్లి రాసింది ఈ ఒక్క వాక్యమే. కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలేసింది.

కుటుంబం కాజీపేటలో ఉంటుంది. తండ్రి గూడ్స్ రైళ్ళ లోకో పైలట్. తల్లి హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తుంది, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా. పెద్దోడికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. చిన్నదానికి మూడేళ్ళు నిండాయి, పగలంతా నాయినమ్మ దగ్గరే. నాయినమ్మది పరకాల దగ్గర పల్లె. తాత పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. వాళ్ళు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

లొల్లి అంటే ఏం జరుగుతుందో చెప్పమన్నాను. "లేవడు. లేపితే ఏడుస్తడు. బ్రష్ చేతిల పట్టుకొని పది నిమిషాలు కూసుంటడు. సాక్సు ఒకటి ఏసుకుంటడు, రెండోది ఇసిరి కొడ్తడు. చెల్లెను కొడ్తడు. వారంల రెండుసార్లన్న ఆటో పోతది మేడం, నేనే స్కూటీ మీద దింపాలె. నా డ్యూటీకి లేటు." రాత్రి భోజనం సంగతి అడిగితే ఫోన్ లేకుండా ముద్ద దిగదని చెప్పింది. లేచి వెళ్ళబోతూ ఇంకో మాట అంది. "వాళ్ళ బాపు ఇంట్ల ఉంటే ఒక తీరు, లేకుంటే ఒక తీరు. మొండోడు అయిండు."

ఆమె ఊరికే కూర్చోలేదు. రీల్స్‌లో చూసి రంగుల చార్ట్ గీసి గోడకు అంటించింది. 6.15కు లేవడం, 6.25కు బ్రష్, 6.40కి స్నానం, పక్కన స్టార్ స్టిక్కర్లు. నాలుగో రోజు రాత్రి రెండింటికి భర్తకు డ్యూటీ కాల్ వచ్చింది. లైట్లు వెలిగాయి, పిల్లలు లేచి కూర్చున్నారు, తెల్లారి అందరూ ఏడింటికి లేచారు. చార్ట్ సంగతి అక్కడితో సరి. తనకే చేతకాలేదని ఆమె అనుకుంది. నాకు మాత్రం ఆ చార్ట్ మీదే అనుమానం వచ్చింది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే ఉద్యోగాల ఇళ్ళ కోసం తయారైన చిట్కాలు అవి. సింగరేణి షిఫ్టుల ఇళ్ళకు, నర్సుల ఇళ్ళకు, బండ్లు నడిపే రైల్వే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళకు అవి అతకవు. వరంగల్ నుంచి పైకి, మంచిర్యాల దాకా చూస్తే అలాంటి ఇళ్ళు తక్కువేమీ కాదు.

తండ్రి డ్యూటీ

గూడ్స్ లోకో పైలట్‌కు ఫలానా రోజు ఫలానా టైం అనే డ్యూటీ ఉండదు. బండి తయారయ్యే వేళకు లాబీ నుంచి, అంటే డ్యూటీలు వేసే ఆఫీసు నుంచి కాల్ వస్తుంది, రెండు గంటల్లో వెళ్ళి సైన్ ఆన్ చేయాలి, అంటే డ్యూటీలో చేరాలి. కాజీపేట నుంచి ఒక దిక్కు బల్లార్షా, ఒక దిక్కు డోర్నకల్ మీదుగా విజయవాడ, ఇంకో దిక్కు సికింద్రాబాద్. బండి ఎక్కడ ఆపుతారో, ఎంతసేపు ఆపుతారో ఎవరూ చెప్పలేరు. అవతల రన్నింగ్ రూంలో (సిబ్బంది విశ్రాంతి గదిలో) రెస్ట్ తీసుకొని మళ్ళీ బండి పట్టుకొని తిరిగి రావాలి. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి ఇంటికి చేరితే 16 గంటల రెస్ట్. అది అయిపోయిందంటే ఏ క్షణమైనా కాల్ రావచ్చు. వారపు సెలవుకు బదులు నెలకు 30 గంటల చొప్పున నాలుగు రెస్టులు, లేదంటే 22 గంటల చొప్పున ఐదు. అవి ఆదివారమే పడాలన్న నియమం లేదు. ఇంజిన్ మీద ఉన్నంతసేపు ఫోన్ ఆఫ్‌లో ఉండాలి.

ఇవన్నీ ఆయనే వివరంగా చెప్పాడు. మనిషి మెత్తన. పిల్లల గురించి అడిగితే మాత్రం కాసేపు ఆగి, "నేను పోయేటప్పుడు పండుకొని ఉంటరు, వచ్చేటప్పుడు బడికి పోయి ఉంటరు" అన్నాడు.

ముందుగా చూసినవి

ఇలాంటి కేసుల్లో నేను మాటల్లోకి దిగేముందు ఒంటి సంగతి తేల్చుకుంటాను. ఆరేళ్ళ పిల్లాడు పొద్దున లేవలేకపోతే గురక పెడుతున్నాడా, నోటితో గాలి పీలుస్తున్నాడా, చెవి సరిగా వినపడుతోందా, రక్తం ఎంత ఉంది అన్నవి చూడాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఒకటో తరగతిలో చేరగానే అది మాయమైపోదు కదా. పెద్దోడి హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది. ఆ వయసుకు 11.5 ఉండాలి. పిల్లల డాక్టర్ ఐరన్ సిరప్ రాశారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. గురక లేదు, చెవులు బాగున్నాయి. బడిలో టీచర్‌ను కనుక్కుంటే "మంచి పిల్లాడు, మధ్యాహ్నం డెస్క్ మీద తల పెట్టుకుంటాడు" అని చెప్పారు. ఆ మాట కింద గీత గీసుకున్నాను. ఇంట్లో మొండితనం, బడిలో నిద్ర.

తర్వాత తల్లికి చిన్న నోట్‌బుక్ ఇచ్చి ఒక వారం రాయమన్నాను. ప్రతి గొడవకు మూడే ముక్కలు: దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏమైంది. దాంతోపాటు పిల్లలు పడుకున్న టైం, లేచిన టైం, ఆ రోజు తండ్రి ఎక్కడున్నాడు అన్నది. ఆమె మందుల స్టాక్ రిజిస్టర్ రాసే మనిషి. పూటపూటా పొల్లుపోకుండా రాసింది.

వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే పొద్దుటి లొల్లికి మూలం రాత్రిలో ఉంది. పెద్దోడు పడుకునేది పదకొండుకు, అటూఇటుగా. లేపేది ఆరున్నరకు. ఏడున్నర గంటల నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. రోజుకు గంటన్నర తక్కువ పడుకుంటున్న పిల్లాడిని మొండోడు అనే ముందు ఒకసారి ఆలోచించాలి. చిన్నది అంతకంటే ఆలస్యం. అది పగలు నాయినమ్మ పక్కన మూడింటికి పడుకొని ఐదింటికి లేస్తుంది, కాబట్టి రాత్రి పదకొండున్నర దాకా గెంతుతూనే ఉంటుంది. అది గెంతుతుంటే అన్న పడుకోడు.

రెండో సంగతి, లొల్లి ఎక్కువైన పొద్దులన్నీ తండ్రి రాత్రికి రాత్రి డ్యూటీకి వెళ్ళినవే. మూడోది, ఏడుపు ఏదైనా దాని చివరి గడిలో తల్లి రాసిన మాట దాదాపు ఒక్కటే: "ఫోన్ ఇచ్చిన, ఊకున్నడు."

ఇంట్లో చూసింది

ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నాను. వంటింట్లో కుక్కర్ విజిల్, పోపు వాసన. తల్లి అక్కడి నుంచే కేకేస్తోంది. "లెవ్వురా. లేసినవా? బ్రష్ చెయ్. నీళ్ళు చల్లగైతున్నయ్. చెల్లెను ముట్టకు. బెల్టేది? డైరీ పెట్టుకున్నవా?" ఇరవై నిమిషాల్లో ముప్పైకి పైగా ఆజ్ఞలు లెక్కపెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు, ఆమె కూడా జవాబు కోసం ఆగలేదు. పెద్దోడు దివాన్ మీద ఒక కాలికి సాక్సు తొడుక్కొని, రెండోది చేతిలో పట్టుకొని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. తలుపు పక్కన చెప్పుల స్టాండులో తండ్రి షూ లేవు.

"బాపు ఎప్పుడు పోయిండు?" అని అడిగాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

వంటింట్లోంచి జవాబు: "రేపొస్తడు గని, నువ్వు ముందు సాక్సు తొడుగు."

ఒక నిమిషం తర్వాత ఆ సాక్సు టీవీ కిందికి పోయింది. నాయినమ్మ వంగలేక వంగి తీసింది. తల్లి అట్లకాడతోనే బయటికి వచ్చి, "బాపు రానీ, నీ సంగతి చెప్త" అంది. ఏడుపు మొదలైంది. ఆటో హారన్ వినపడింది. ఫోన్ చేతికిచ్చి, కార్టూన్ పెట్టి, వాడు చూస్తుండగా షర్టు గుండీలు పెట్టింది. వాడు వెంటనే ఊరుకున్నాడు.

1970లు, 80లలో అమెరికాలోని ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త గెరాల్డ్ ప్యాటర్సన్ బృందం ఇళ్ళలో కూర్చొని ఇలాంటి గొడవలను క్షణక్షణం రాసిపెట్టింది. పిల్లాడు ఏడుస్తాడు, పెద్దవాళ్ళు తగ్గుతారు, ఏడుపు ఆగుతుంది. ఏడిస్తే పని అవుతుందని పిల్లాడికి, తగ్గితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని పెద్దవాళ్ళకు, ఇద్దరికీ పాఠం ఒంటబడుతుంది. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆ పొద్దున ఆ తల్లి స్థానంలో ఎవరున్నా ఫోనే ఇస్తారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఫోన్ కాదు, "బాపు రానీ" అన్న మాట. తండ్రి ఎప్పుడొస్తాడో తెలియదు. వస్తే ముందు పిల్లాడి మీద చాడీలు వింటాడు. నోట్‌బుక్‌లోనే ఉంది: తండ్రి ఇల్లు చేరిన రోజు మొదటి పని పంచాయితీ. పదహారు గంటల రెస్ట్‌లో నిద్ర పోను మిగిలే కాస్త టైంలో ఒక గంట కోపానికి పోతోంది. పిల్లాడు బాపు కోసం ఎదురు చూస్తున్నాడు, బాపు వస్తే భయపడుతున్నాడు. ఈ రెండూ ఒకే కడుపులో పెట్టుకొని ఆరేళ్ళవాడు సాక్సు ఎలా తొడుక్కుంటాడు?

ఏం చేశాం

గడియారాన్ని పక్కన పెట్టేశాం. ఈ ఇంట్లో టైం నిలవదు, వరుస నిలుస్తుంది. ఏది ఎన్నింటికి అన్నది వదిలేసి, దేని తర్వాత ఏది అన్నది పట్టుకోవాలి. ఈ సంగతి తండ్రికి చెప్పగానే ఆయన నవ్వాడు. "గూడ్స్ బండికి టైం టేబుల్ ఉండదు మేడం, సిగ్నల్ ఉంటది. ఒక సిగ్నల్ దాటితే ఇంకోటి. మాకు అలవాటే." నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశాడు.

వరుసకు మొదలు ఎక్కడ? తండ్రి ఉన్నా లేకున్నా, తల్లి ఆలస్యమైనా, ఆ ఇంట్లో తప్పకుండా జరిగే పని ఒకటి వెతికాం. దొరికింది. నాయినమ్మ రోజూ పొద్దుగూకే వేళ దీపం పెడుతుంది. దాన్నుంచే కట్టాం. దీపం పెట్టగానే పిల్లలు కాళ్ళు చేతులు కడుక్కుంటారు. తర్వాత పిల్లల అన్నం. తర్వాత రేపటి బ్యాగు సర్ది, యూనిఫాం, బెల్టు, సాక్సులు ఒక ప్లాస్టిక్ బుట్టలో వేసి తలుపు దగ్గర పెట్టడం. తర్వాత కాసేపు ఆట. తర్వాత పళ్ళు తోముకోవడం, కథ, లైటు ఆర్పడం. కొత్తగా ఏమీ కొనలేదు, గోడకు ఏమీ అంటించలేదు. స్టార్ స్టిక్కర్లంటే నాకు పెద్ద నమ్మకం లేదు. కొన్నాళ్ళకు పిల్లలు బేరాలు మొదలుపెడతారు.

బార్బరా ఫీస్, ఆమె తోటి పరిశోధకులు ఇళ్ళలోని రోజువారీ అలవాట్లు, ఆనవాయితీల మీద వచ్చిన 50 ఏళ్ళ అధ్యయనాలను 2002లో సమీక్షించినప్పుడు ఒక తేడా చూపించారు. కొన్ని పనులు జరిగిపోతే చాలు, వాటిని తర్వాత ఎవరూ తలుచుకోరు. కొన్నింటిలో "మా ఇంట్లో ఇంతే" అన్న ముద్ర ఉంటుంది, అవి తప్పితే మనసుకు వెలితి. దీపం రెండో రకం. అందుకే దాని వెనక కట్టిన పనులు గోడమీది చార్ట్ కంటే గట్టిగా నిలుస్తాయని నా లెక్క.

ఇక నాయినమ్మ. ఆమె ఒప్పుకోకపోతే ఇది రెండు రోజులు కూడా నడవదు. మొదట ఆమె కొంచెం కినుకగానే ఉంది. "నలుగురిని పెంచిన బిడ్డా. ఏ పుస్తకం చూసి పెంచిన? ఏడుపు వస్తే ఏడ్చిండ్రు, ఆకలైతే తిన్నరు." నిజమే అన్నాను. ఆమె భయం ఏమిటంటే ఏడున్నర సీరియల్ ఆపేస్తామని. పగలంతా మూడేళ్ళ పిల్ల వెంట తిరిగే మనిషికి ఆ గంటే విశ్రాంతి. దాన్ని ముట్టుకోలేదు. పిల్లల అన్నం సీరియల్‌కు ముందే అయిపోవాలి, సీరియల్ నడిచేటప్పుడు పిల్లలు తల్లితో లోపలి గదిలో బ్యాగు, ఆట. సీరియల్ అయ్యాక కథ నాయినమ్మదే. సమ్మక్క సారలమ్మ కథ, చిన్నప్పుడు ఎడ్లబండి మీద మేడారం పోయిన కథ, బావిలో పడ్డ మేకపిల్ల కథ. ఆ పని తనదే అన్నాక ఆమె తీరు మారింది. చిన్నదాని పగటి నిద్రను మూడింటి నుంచి ఒంటిగంటకు జరిపే బాధ్యత కూడా ఆమే తీసుకుంది. రాత్రి నిద్ర సగం అక్కడే బాగుపడింది.

పడుకునే వేళను ఒక్కసారిగా ముందుకు లాగలేదు. మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున జరిపాం. పదకొండు నుంచి తొమ్మిదిన్నరకు రావడానికి మూడు వారాలకు పైనే పట్టింది. నిద్ర పరిశోధకురాలు జోడీ మిండెల్ బృందం 2009లో చేసిన అధ్యయనంలో మూడేళ్ళ లోపు పిల్లలకు రోజూ ఒకే వరుసలో నిద్రపుచ్చితే నిద్రతోపాటు తల్లుల మనసు కూడా కుదుటపడిందని తేలింది. ఈ కేసులో నేను చూసిన మొదటి మార్పు కూడా తల్లి ముఖంలోనే.

భోజనం దగ్గర ఫోన్ తీసేయడం కష్టమైంది. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది, రెండేళ్ళ లోపు అయితే అసలే వద్దు. ఈ ఇంట్లో భోజనాల దగ్గరే అంతకు మించి అవుతోంది. తీసేసిన మొదటి రెండు మూడు రోజులు ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఎప్పుడూ పనిచేసే తాళం చెవి తిరగకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా తిప్పుతారు. ఆ సంగతి ముగ్గురు పెద్దవాళ్ళకూ ముందే చెప్పి పెట్టాను. చెప్పినట్టే రెండో రాత్రి పెద్దోడు కంచం తోసేశాడు. నాయినమ్మ కళ్ళలో నీళ్ళు. "పిల్లగాడు ఉపాసం పండాల్నా?" పండనక్కర్లేదు. అరగంట తర్వాత కంచం మాట్లాడకుండా తీసేయాలి, పడుకునే ముందు పాలు మామూలుగానే ఇవ్వాలి, తిట్లు ఉండకూడదు, బతిమాలడమూ ఉండకూడదు. నాలుగో రాత్రి పచ్చిపులుసు అన్నం సగం కంచం తిన్నాడు. పెద్దవాళ్ళ ఫోన్లు కూడా ఆ పూట ఫ్రిజ్ మీదికి వెళ్ళాలన్నది షరతు. తండ్రి ఫోన్ ఒక్కదానికి మినహాయింపు. కాల్ ఎప్పుడైనా రావచ్చు కదా.

పొద్దుటి ఆజ్ఞల సంగతి తల్లితో రెండుసార్లు సాధన చేయించాను. వంటింట్లోంచి కేక వద్దు. దగ్గరికి వెళ్ళాలి, కింద కూర్చోవాలి, భుజం మీద చెయ్యి వేయాలి, ఒకే మాట చెప్పాలి. "సాక్సు." ఆ తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టే దాకా నోరు విప్పకూడదు. ఆ ఐదు అంకెలు ఆమెకు చాలా కష్టమయ్యాయి. రెండో అంకెకే ఇంకో మాట వచ్చేసేది. వచ్చిన రోజు ఆమెకే నవ్వొచ్చింది. చేశాక "ఆ, తొడిగినవ్" అంటే చాలు, బహుమతి అక్కర్లేదు.

రోజూ ఐదు నిమిషాల ఆట కూడా పెట్టాం. 1970లలో మనస్తత్వవేత్త షీలా ఐబర్గ్ తల్లీపిల్లల చికిత్సలో భాగంగా పెట్టిన పద్ధతి ఇది. ఆ ఐదు నిమిషాలు పిల్లలు చెప్పిందే ఆట, పెద్దవాళ్ళు ప్రశ్నలు వేయకూడదు, నేర్పకూడదు, సరిదిద్దకూడదు. పెద్దోడు అగ్గిపెట్టెలతో గూడ్స్ బండి కట్టాడు. "ఎన్ని డబ్బాలున్నయ్ చెప్పు?" అన్న ప్రశ్న తల్లి గొంతులోనే మింగేసింది.

పిల్లలతో గడపడానికి విడిగా టైం లేదని ఆమె బాధ. క్వాలిటీ టైం అన్న మాట ఇలాంటి తల్లులకు మేలు కంటే టెన్షనే ఎక్కువ తెచ్చిందని నా అభిప్రాయం. ఐదు నిమిషాలు పక్కన పెడితే మిగతాదంతా పనిలోనే దొరుకుతుంది. చిక్కుడుకాయ ఈనె తీయడం, పల్లీలు వలవడం, ఆరిన బట్టల్లో సాక్సుల జతలు వెతకడం. మూడేళ్ళది జతలు కలపడంలో అన్నను మించిపోయింది. పని ఆలస్యమవుతుంది, నేల మీద పొట్టు పడుతుంది. ఆ పొట్టును లెక్క చేయొద్దన్నాను.

పలక

తండ్రి భాగం చిన్నదే, కానీ కేసు మలుపు తిరిగింది అక్కడే అనుకుంటాను.

తలుపు పక్కన మేకుకు ఒక పలక వేలాడదీశాం. రాత్రి కాల్ వస్తే ఆయన వెళ్ళే ముందు దాని మీద ఊరి పేరు రాస్తాడు, కింద ఇంజిన్ బొమ్మ. వచ్చే టైం మాత్రం రాయడు. "రేపొస్తడు" అన్న మాట ఇంట్లో మానేశాం, ఎందుకంటే సగంసార్లు అది నిజం కాదు. దానికి బదులు నిలబెట్టుకోగల మాట ఒకటి: "సైన్ ఆఫ్ అయినంక ఫోన్ చేస్త." పొద్దున పెద్దోడు లేవగానే పలక దగ్గరికి వెళ్తాడు. మంచం దిగడానికి వాడికి ఒక పని దొరికింది. "విజయవాడ" సులువుగానే చదివాడు. "బల్లార్షా" దగ్గర ఆగిపోయి నాయినమ్మను అడిగితే ఆమెకు చదువు రాదు. తల్లి వచ్చి ల కింద ల ఒత్తు వేలితో చూపించింది. బడిలో ఒత్తులు మొదలు కాకముందే వాడికి ఆ ఒకటి వచ్చేసింది.

"బాపు రానీ" అన్న బెదిరింపు పూర్తిగా మానేయాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. తల్లి చూసిన గొడవ తల్లి దగ్గరే తేలాలి. తండ్రి ఇల్లు చేరాక మొదటి పది నిమిషాలు పంచాయితీ లేదు, స్నానం కూడా లేదు. చెప్పులు విడిచి పిల్లల దగ్గర కూర్చోవడమే. ఆ తర్వాత గది తలుపు మూసి నిద్ర. ఇదివరకు రాత్రి డ్యూటీ చేసి వస్తే "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి" అని రోజంతా పిల్లల నోరు మూయించేవాళ్ళు. ముందు పది నిమిషాలు దొరికితే ఆ తర్వాతి నాలుగు గంటలు వాళ్ళే ఓర్చుకుంటున్నారు. పెద్ద రెస్ట్ ఏ రోజు పడితే ఆ రోజే ఆ ఇంటికి ఆదివారం. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి నడక, తిరిగొచ్చి చాయ్ తాగుతూ భార్యాభర్తలు రాబోయే రోజుల లెక్క చూసుకోవడం. కరెంటు బిల్లు ఎవరు, టీకా ఎప్పుడు, ఆయనకు కాల్ వస్తే పేరెంట్స్ మీటింగ్‌కు ఎవరు. పావుగంటే. ఇంతకుముందు ఇవన్నీ అర్ధరాత్రి బ్యాగు సర్దుతూ తలుపు దగ్గర మాట్లాడుకునే మాటలు.

ఎంత మారింది

రెండు నెలల తర్వాత తల్లి అదే నోట్‌బుక్ మళ్ళీ ఒక వారం రాసింది. పెద్దోడు తొమ్మిదిన్నరకు అటూఇటుగా పడుకుంటున్నాడు. ఏడుపు ఉన్న పొద్దులు రెండు, రెండూ తండ్రి లేని రోజులే, కానీ ఫోన్ దాకా పోలేదు. ఆ వారం ఆటో ఒక్కసారీ తప్పలేదు. చెల్లెలిని కొట్టడం తగ్గింది, పోలేదు. మధ్యాహ్నం డెస్క్ మీద తల పెట్టడం మానేశాడని టీచర్ చెప్పారు. ఇందులో నిద్ర వాటా ఎంత, ఐరన్ సిరప్ వాటా ఎంత, పలక వాటా ఎంత అని విడదీసి చెప్పే దారి నాకు లేదు. అన్నీ ఒకే కాలంలో నడిచాయి.

అంతలో బతుకమ్మ వచ్చింది. పరకాలలో తొమ్మిది రోజులు, ఆపైన దసరా సెలవులు. పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకున్నారు, ఇష్టం వచ్చినప్పుడు తిన్నారు, సకినాలతోనే కడుపు నింపుకున్నారు. ముందే అడిగినప్పుడు అక్కడ వరుస పట్టుకొని కూర్చోవద్దన్నాను. పండుగ పండుగే. తల్లి వచ్చి చెప్పిన ఒక సంగతి నాకు నచ్చింది. ఎంగిలిపూల నాడు పెద్దోడే గునుగు కట్టలు లెక్కపెట్టి ఇచ్చాడట, చిన్నది తంగేడు పూలు ఒక్కొక్కటే అందించిందట. చిక్కుడుకాయల దగ్గర నేర్చుకున్నదే అక్కడా పనికొచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం వారం రోజులు పాత లొల్లి మొత్తం తిరిగొచ్చింది. అన్నీ ఒకేసారి మళ్ళీ మొదలుపెట్టొద్దని, కథ ఒక్కటి పట్టుకోమని చెప్పాను. కథకు పిల్లలు వాళ్ళే వస్తారు. మిగతావి దాని వెనకే వచ్చాయి, ఒక్క బ్యాగు సర్దడం తప్ప. దానికి ఇంకో వారం పట్టింది.

కదలనివి కూడా ఉన్నాయి. రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. పెద్దోడి బడిలో రోజూ మూడు పుస్తకాల్లో రాసుకు రమ్మంటారు. బ్యాగు సర్దే వేళకు అది పూర్తి కాకపోతే ఆట పోతుంది, ఆట పోతే ఏడుపు. నేను ఇంట్లో ఎంత చెప్పినా ఆ పుస్తకాల బరువు తగ్గదు. అత్తాకోడళ్ళ మధ్య వంట గురించి పాత పంతం ఒకటి ఉంది, దాన్ని మేం తెరవలేదు. వాళ్ళు ఆ పనికి నా దగ్గరికి రాలేదు.

జూన్‌లో చిన్నది కూడా బడికి పోతుంది. పగటి నిద్ర పోతుంది, ఆటో వేళ మారుతుంది, నాయినమ్మ పగలంతా ఒక్కతే ఉంటుంది. ఆ నెలలో ఒకసారి రమ్మని ముగ్గురికీ చెప్పాను. హోంవర్క్ గురించి ప్రిన్సిపల్‌తో మాట్లాడటానికి తండ్రి వెళ్తానన్నాడు. బడి తెరిచి ఉన్న రోజున రెస్ట్ పడాలి, ఇంకా పడలేదు.